రసీదు పుస్తకం

విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై.
నది కూడా బిగుసుకుని పడుకుంది.
మా చర్చి నేలమాళిగలో మాత్రం
మంగళవారం మంగళవారం ఒక చాకిరేవు.
నాలుగు మిషన్లు. అందులో ఒకటి కుంటిది,
తిరుగుతూ తిరుగుతూ నేలంతా నడిచొచ్చి
నా మోకాలు తడుతుంది.

ఉతికే ముందు జేబులు వెతకాలి.
పదకొండేళ్లుగా నేను తప్పకుండా చేసే ప్రార్థన ఇదొక్కటే.
డెల్మర్ జేబులో బస్ టికెట్టు ముక్కలు, ఒక పన్ను
(అతనిదే, దాచుకున్నాడు).
తెస్ఫాయ్ జేబులో అస్మారా ఇంటి తాళంచెవి.
ఆ ఇల్లు లేదు, ఆ తలుపూ లేదు,
చెవిని మాత్రం వారం వారం నా చేతిలో పెట్టి
"తడవనీకు" అంటాడు.
ఎవరిదో చెప్పని కోటులో సగం బిస్కెట్టు,
రేపటిది.
దోసకాయ ఊరగాయ ఖాళీ సీసాల్లో వేసి
అన్నిటికీ పేర్లు అంటిస్తాను.

మురికి వేరు, మైల వేరు.
మురికి సబ్బుకి లొంగుతుంది.
మైల చూసేవాళ్ల కంట్లో ఉంటుంది,
దాన్ని ఉతికే మిషన్ నా దగ్గర లేదు.

ఐవీ లింక్‌లేటర్ లోపలికి రాదు.
మెట్ల పైన, గాలి కోసే చోట నిలబడుతుంది,
డెబ్బై ఏళ్ల మనిషి, భుజాన నల్ల చెత్త సంచి.
"కాఫీ వేడిగా ఉంది, రండి" అని
మూడు వారాలు పిలిచాను.
మూడు వారాలూ తలుపు మీది శిలువని చూసి
వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నాలుగో వారం నేనే పైకెక్కాను, కోటు మరిచి.
"బట్టలివ్వండి, సాయంత్రానికి తిరిగిచ్చేస్తాను."
"మీవాళ్లూ అదే అన్నారు."

అప్పుడామెకి ఆరేళ్లు.
బడి గుమ్మంలో ఒక బల్ల, బల్ల వెనక ఒక సిస్టర్.
అమ్మమ్మ కుట్టిన దుప్పితోలు జోళ్లు,
వాటి మీద పూసలు,
పూస పూసకీ ఉత్తరాది చలిరాత్రి ఒకటి.
"సెలవులకి వెళ్లేప్పుడు ఇస్తాం" అన్నారు.
జడ కూడా ఆ బల్ల మీదే తీసుకున్నారు.
నలభై రెండు అని నంబరిచ్చారు.
రసీదు ఇవ్వలేదు.

"ఎక్కడున్నాయవి?" అంది
నన్నే, నేనింకా పుట్టని నాటి సంగతి.
అది వేరే చర్చి, మాది కాదు అనొచ్చు.
నాలుక చివరిదాకా వచ్చింది.
రెయిలింగు ఇనుముకి నా అరచెయ్యి అతుక్కుపోయింది,
లాక్కుంటే కాస్త చర్మం అక్కడే ఉండిపోయింది.
ఆ మాట అనలేదు.

కిందికెళ్లి రసీదు పుస్తకం తెచ్చాను,
కార్బన్ కాగితంతో సహా.
మెట్టు మీద కూర్చున్నాను. పెన్ను గడ్డకడితే
నోట్లో పెట్టుకుని వెచ్చబెట్టాను.
ఊలు స్వెట్టరు, ఆకుపచ్చ, మోచేతి దగ్గర చిరుగు: ఒకటి.
మేజోళ్లు, జత కానివి: మూడు.
దుప్పటి: ఒకటి.
కూడబలుక్కుని చదివింది.
"చిరుగు ముందే ఉందని రాయి."
రాశాను.
"సంతకం."
పెట్టాను.
"పూర్తి పేరు."
ఆగథా ఫ్రీసెన్. నా చేతిరాతే నాకు కొత్తగా ఉంది.

ఐదింటికే చీకటి.
చీటీ పట్టుకుని వచ్చింది, మెట్ల పైకే.
ఒక్కొక్కటీ విప్పి చూసి లెక్కపెట్టుకుంది.
ఇంకా సెగ వదలని స్వెట్టరుని
ముఖానికి ఆనించుకుని,
"సబ్బు ఎక్కువేశావు" అంది.

ఇప్పుడు అందరికీ రసీదులే.
డెల్మర్ తన పన్నుక్కూడా అడిగి తీసుకున్నాడు.
కాగితాల ఖర్చేమిటని పాస్టరు అడిగితే
కానుకల పద్దులో వేశానని చెప్పాను.
ఐవీ ఇప్పటికీ లోపలికి రాదు.
నేనే పైకి వెళ్తాను, కోటు వేసుకుని.

పుస్తకం చివరి పేజీలో ఒకటి రాసిపెట్టాను.
దుప్పితోలు జోళ్లు, పూసలవి: ఒక జత.
జడ: ఒకటి.
తీసుకున్నది: మేము.
తిరిగిచ్చిన తేదీ దగ్గర ఏమీ రాయలేదు.
మొన్న మంగళవారం ఆమెకి చూపించాను.
చాలాసేపు చూసింది. మంచు పడుతూనే ఉంది కాగితం మీద.

"పూలు నీలం" అంది.
"అది రాయలేదు నువ్వు."